కుట్టేదేమిటో తెలిసేదాకా

మార్చి నెలాఖరులో మా ఇంట్లో ఏదో కుట్టడం మొదలైంది. కుట్టినచోట చిన్న ఎర్రటి పొక్కు, దాని నడుమ సూదిమొనంత చుక్క, ఆపుకోలేని దురద. పాపకి మెడ చుట్టూ, మోచేతుల దగ్గర, నడుము ఎలాస్టిక్ కింద వచ్చాయి. నాకు చేతుల మీద, మెడ వెనక. మా ఆయనకి ఒక్కటంటే ఒక్కటి లేదు. మేముండేది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు, నాలుగో అంతస్తులో. ఇంట్లో కుక్క లేదు, పిల్లి లేదు, కిటికీలన్నిటికీ దోమల మెష్ ఉంది. కుట్టేది మాత్రం కంటికి ఆనడం లేదు.

ఇదంతా ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో నేను ఎవరిని అడిగినా ఏదో ఒక మందు పేరు చెప్పారు. అసలు ఆ పురుగేమిటో కనుక్కోవడం ఎలాగో ఒక్కరూ చెప్పలేదు. పురుగేమిటో తెలిస్తేనే అది ఎక్కడుంటుందో తెలుస్తుంది, ఎక్కడుంటుందో తెలిస్తేనే మందు ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది. ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా కూతురు అన్ని రాత్రులు గోక్కుంటూ ఏడ్చేది కాదు.

మొదటి అనుమానం ఎవరికైనా నల్లుల మీదకే పోతుంది. నాకూ పోయింది. పరుపు లేపి కుట్లన్నీ టార్చ్ లైటుతో చూశాను. మంచం పట్టీల సందుల్లో పాత ఏటీఎం కార్డు దూర్చి గీకాను. తలవైపు చెక్క వెనక, మరల గుంటల్లో, కర్టెన్ మడతల్లో, స్విచ్ బోర్డు అంచుల్లో వెతికాను. నల్లులుంటే దాక్కోగలవేమోగానీ ఆనవాళ్లు దాచలేవు. పరుపు కుట్ల వెంట సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలుంటాయి, అవి నల్లి విసర్జన. తడి దూదితో రుద్దితే ఎర్రగా గోధుమరంగులోకి మరక సాగుతుంది. కుబుసం విడిచిన పొట్టు ఉంటుంది. మిల్లీమీటరు పొడవు తెల్లటి గుడ్లు గుంపుగా అతుక్కుని ఉంటాయి. పెద్ద నల్లి అయిదు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ఎవరికైనా కనిపిస్తుంది. మా మంచంలో వీటిలో ఒక్కటీ దొరకలేదు.

అయినా పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచాం. వచ్చిన అబ్బాయి పాప చేతులు చూసి "నల్లులే మేడం, డౌటే లేదు" అన్నాడు. పరుపు లేపి చూడలేదు. పదిహేను రోజుల తేడాతో రెండు విడతలు కొడితే పోతాయన్నాడు. సామానంతా సర్ది, ఇల్లు మూసి, మా అక్కావాళ్ల ఇంట్లో తలదాచుకున్నాం. అక్కడున్నన్నాళ్లూ పాపకి కొత్త పొక్కు రాలేదు. తిరిగొచ్చిన రాత్రే మళ్లీ మొదలు. రెండో విడత తర్వాతా అంతే. ఇది నాకు రెండు విషయాలు చెప్పింది. ఒకటి, పురుగు మన ఒంటి మీద లేదు, ఇంట్లోనే ఉంది. రెండు, మందు కొట్టిన మంచంలో లేదు, ఇంకెక్కడో ఉంది.

ఈలోగా సలహాలు. కర్పూరం పెట్టమన్నారు, వేపాకు పొగ వేయమన్నారు, పరుపులు ఎండలో వేయమన్నారు. ఇవన్నీ చేశాం, వీటితో నష్టం లేదు. కానీ తెలిసినాయన ఒకరు చాలా మామూలుగా ఇంకో మాట చెప్పారు. ఎరువుల షాపులో ధాన్యానికి వాడే బిళ్లలు దొరుకుతాయట, రెండు తెచ్చి మంచం కింద పెట్టి తలుపులు మూసేస్తే ఏ పురుగూ మిగలదట. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. ఆ బిళ్లలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగలగానే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. పక్క గదిలోకి, గోడ అవతలి ఇంట్లోకి కూడా పాకుతుంది. నల్లుల కోసం, ఎలుకల కోసం ఇళ్లలో ఆ బిళ్లలు పెట్టి పిల్లలు చనిపోయిన సంఘటనలు మన దేశంలో జరిగాయి. అది గోదాముల్లో శిక్షణ ఉన్నవాళ్లు వాడాల్సిన వస్తువు. నిద్రపట్టక విసిగిపోయిన తల్లి చేతికి ఎవరైనా ఆ బిళ్లలు ఇస్తే ఏమవుతుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత చర్మం డాక్టరు. మొదట చూపించిన చోట గజ్జి కావచ్చని ఇంటిల్లిపాదికీ పెర్మెత్రిన్ క్రీమ్ రాశారు. మెడ నుంచి కాలివేళ్ల దాకా రాసుకుని రాత్రంతా ఉంచుకుని పొద్దున స్నానం చేయాలి. అందరం చేశాం, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతికాం. ఫలితం లేదు. ఇంకో డాక్టరు గారి దగ్గరికి వెళితే ఆయన తొందరపడలేదు. డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దం పెట్టి పాప వేళ్ల సందులు, మణికట్లు నిదానంగా చూశారు. గజ్జి పురుగు చర్మంలోకి సన్నని సొరంగం తవ్వుతుంది. ఆ సొరంగం చివర చిన్న ముదురు త్రికోణం కనిపిస్తుంది, అదే పురుగు తలభాగం. పైగా గజ్జి మొదటిసారి పట్టినవాళ్లకి దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఇల్లు మారిన నాలుగు రోజుల్లో తగ్గదు. "సొరంగాలు లేవమ్మా. ఇవి బయటి నుంచి కుట్టినవే. ఏం కుడుతోందో పట్టుకుని తీసుకురండి" అన్నారు. దురదకి సెట్రిజిన్, రాసుకోవడానికి ఆయింట్‌మెంట్ ఇచ్చారు.

ఆ ఒక్క మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే అప్పటికే ఇంట్లో ఇంకో మాట మొదలైంది. మా ఆయన "నన్నేమీ కుట్టట్లేదు కదా, నీకు టెన్షన్ ఎక్కువై అలా అనిపిస్తోందేమో" అన్నారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నా నిద్ర చూసి భయపడే అన్నారు. నిజానికి ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని గట్టిగా నమ్మే మానసిక జబ్బు ఒకటి ఉంది. స్వీడన్‌కి చెందిన ఎక్బొమ్ అనే వైద్యుడు 1938లో దాని గురించి వివరంగా రాశాడు, ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు కూడా. ఆ జబ్బున్నవాళ్లు పొట్టూ దారాలూ అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చి ఇదిగో పురుగు అని చూపిస్తారు. అందుకే మనం ఏదో పొట్లం కట్టి తీసుకెళితే కొందరు డాక్టర్లు పురుగు వైపు కాకుండా మన ముఖం వైపు చూస్తారు. ఆ జబ్బూ నిజమే, ఆ రోగులకీ సాయం కావాలి. కానీ కంటికి కనిపించనంత మాత్రాన పురుగు లేదని తేల్చేయకూడదు. ముందు వెతకాలి. ఇంకో సంగతి, కుట్టించుకున్న అందరికీ పొక్కులు రావు. పొక్కు అనేది పురుగు లాలాజలానికి మన ఒళ్లు చూపించే ప్రతిఘటన. కొందరి ఒళ్లు అసలు పట్టించుకోదు, పిల్లల ఒళ్లు చాలా ఎక్కువ చేస్తుంది. మా ఆయన్నీ అది కుట్టే ఉంటుంది.

ఒక నోటుబుక్కు పెట్టాను. ఎవరికి, ఏ పూట, ఏ గదిలో కూర్చున్నాక కొత్త పొక్కు వచ్చిందో రాయడం. కొన్నాళ్లకి పేజీ చూస్తే విషయం తెలిసిపోయింది. హాల్లో కూర్చున్నప్పుడు ఎవరికీ ఏమీ లేదు. వంటింట్లో లేదు. అంతా వెనక బెడ్‌రూమ్‌లోనే, అందులోనూ కిటికీ వైపు. పాప చదువుకునే బల్ల అక్కడే, ఆమె పడుకునే పక్కా అటే. బియ్యం బస్తా మీద కూడా నాకు అనుమానం ఉండేది, ఎందుకంటే ముక్కపురుగు పట్టిన ధాన్యంలో ఆ పురుగుల్ని తినే సన్నటి మైట్లు (సాలీడు కోవకి చెందిన చిన్న పురుగులు) ఉండి మనుషుల్ని కుట్టడం ఉంది. కానీ బియ్యం ఉండేది వంటింటి పక్కన స్టోర్‌లో. బియ్యం చెరిగే నాకు అక్కడ ఏమీ కాలేదు. ఆ అనుమానం కొట్టేశాను.

ఇక పట్టుకోవడం. దీని గురించే ఎక్కువ చెప్పాలి.

కావలసినవి: వెడల్పు సెల్లోటేపు, రెండువైపులా అంటుకునే టేపు, ఒక టార్చ్, తెల్ల కాగితాలు, ఒక భూతద్దం, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, చిన్న మూత సీసాలు, పాప బొమ్మలేసుకునే సన్న కుంచె. అన్నీ కలిపి పెద్ద ఖర్చేం కాదు.

మంచం నాలుగు కాళ్లకీ, బల్ల కాళ్లకీ రెండువైపుల టేపు చుట్టాను. కిటికీ ఫ్రేము నాలుగు అంచుల వెంట అతికించాను. ఏసీ రాగి గొట్టం గోడలోకి వెళ్లేచోట చుట్టూ ఒక వరస, తలుపు గడప మీద ఒక వరస. ప్రతి ముక్క పక్కన పెన్సిల్‌తో నంబరు. ఎటు నుంచి వస్తోందో ఆ టేపే చెప్పాలి. దీంతోపాటు పాపకి గానీ నాకు గానీ సలుపు తెలిసిన క్షణంలో గోకకుండా ఆ చోట సెల్లోటేపు నొక్కి, తీసి, తెల్ల కాగితం మీద అతికించడం అలవాటు చేసుకున్నాం. గోకితే పురుగు నలిగిపోతుంది, దాంతో సాక్ష్యం పోతుంది. పాప ఈ పని నాకంటే శ్రద్ధగా చేసింది.

టేపు మీద చిక్కిన మొదటి ప్రాణి చూసి దొరికిందనుకున్నాం. లేత పసుపు రంగు, మిల్లీమీటరుంటుంది, మెత్తటి ఒళ్లు. భూతద్దంలో ఆరు కాళ్లు, పొడవాటి మీసాలు, ఒంటికి మించిన తల. అది పుస్తకాల పురుగు, బుక్‌లౌస్ అంటారు. తేమ పట్టిన పాత పుస్తకాల మీద, గోడల మీద పెరిగే బూజు తిని బతుకుతుంది. మనిషి జోలికి రాదు, కుట్టే నోరే దానికి లేదు. బల్ల పక్క అరలో మా మామగారి పాత పుస్తకాలున్నాయి, అక్కడి నుంచి వచ్చింది. అలాగే ఇళ్లలో ఉండే డస్ట్ మైట్లని కూడా చాలామంది అనుమానిస్తారు. అవి అర మిల్లీమీటరు కూడా ఉండవు, మామూలు కంటికి కనిపించవు, మన ఒంటి నుంచి రాలే పొట్టు తింటాయి. వాటి వల్ల తుమ్ములూ ఆయాసమూ వస్తాయి గానీ అవి కుట్టవు. ఇంట్లో దొరికిన ప్రతి పురుగూ నేరస్తుడు కాదని ఇక్కడే అర్థమైంది.

కాలు లెక్క ముఖ్యం. ఆరు కాళ్లుంటే కీటకం: నల్లి, పేను, దోమ, పుస్తకాల పురుగు అన్నీ ఆ కోవే. ఎనిమిది కాళ్లుంటే సాలీడు, గోమారు, మైట్ల కోవ. మైటు పిల్లగా ఉన్నప్పుడు మాత్రం ఆరు కాళ్లే ఉంటాయి కాబట్టి ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకూడదు, కాస్త ఎక్కువ పట్టుకోవాలి.

ఒక రాత్రి పాప పడుకున్నాక గదిలో లైట్లన్నీ ఆపి, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, టార్చ్‌ని బల్లకి ఆనించి అడ్డంగా వెలుగు పడేలా పెట్టాను. పైనుంచి లైటు వేస్తే కనిపించనిది పక్కనుంచి వేస్తే నీడతో సహా కనిపిస్తుంది. గుడ్డ మీద అరచెయ్యి ఆనించి కదలకుండా కూర్చున్నాను. ఈ పురుగులు మన ఒంటి వేడినీ, మనం వదిలే ఊపిరినీ పసిగట్టి వస్తాయి. చాలాసేపటికి గుడ్డ అంచున బాల్‌పెన్ మొనతో పెట్టిన చుక్క ఒకటి కదిలింది. ధూళి గాలికి కదిలితే ఆగి ఆగి జరుగుతుంది. ఇది తిన్నగా నా వేళ్ల వైపే నడిచింది. దాని వెనక ఇంకొకటి. కుంచె స్పిరిట్‌లో ముంచి దాని మీద ఆనిస్తే కుంచెకి అంటుకుంది, అలాగే సీసాలోకి జార్చాను. రెండోదాన్ని టేపుతో తీసి కాగితం మీద నొక్కితే ఎర్రటి చిన్న మరక పడింది. రక్తం. అది నాదో పాపదో తెలియదు గానీ, ఆ మరక చూసి నేను ఏడ్చాను. లోపల మా ఆయన్ని లేపి కాగితం చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "రేపు సెలవు పెడతాను, ఇద్దరం చూద్దాం" అన్నారు.

మా అక్క కొడుకు దగ్గర స్కూల్లో ఇచ్చిన ఫోల్డ్‌స్కోప్ ఉంది. కాగితం మడతపెట్టి చేసే మైక్రోస్కోప్ ఇది. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసింది, ఆయన మన మీరట్‌లో పుట్టి కాన్పూర్ ఐఐటీలో చదివినాయన. వస్తువుని 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ఫోన్ కెమెరాకి తగిలిస్తే ఫొటో కూడా తీయొచ్చు. టేపు ముక్కని అందులో పెట్టి చూశాం. కోలగా ఉన్న ఒళ్లు, ఒంటి నిండా వెంట్రుకలు, మీసాలు లేవు, ఎనిమిది కాళ్లు. పొట్టలో తాగిన రక్తం నల్లగా పరుచుకుని ఉంది. తాగనివి లేత బూడిదరంగులో ఉన్నాయి. నల్లి కాదని ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రోజే టేపులన్నీ విప్పి లెక్క చూశాం. మంచం కాళ్ల టేపుల మీద ధూళి తప్ప ఏమీ లేదు. గడప మీద ఒక చీమ. కిటికీ కింది అంచున కొన్ని చుక్కలు. ఏసీ గొట్టం చుట్టూ వేసిన టేపు మాత్రం మిరియప్పొడి చల్లిన కాగితం మాదిరే ఉంది. ఏసీ పెట్టినవాళ్లు గొట్టం కోసం గోడకి తొలిచిన కన్నం గొట్టం కంటే వెడల్పుగా ఉంది. లోపలివైపు ప్లాస్టిక్ మూత పెట్టి వెళ్లిపోయారు, సందు పూడ్చలేదు. ఆ సందు అవతల ఏముంది?

అవతల సజ్జ మీద ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఉంది. దాని వెనక, గోడకీ యూనిట్‌కీ మధ్య జానెడు సందులో పావురాల గూడు. పుల్లలు, తీగ ముక్కలు, గట్టిపడిన రెట్ట, ఈకలు. గూడు ఖాళీ. జనవరి నుంచి ఆ గోడ వెనక పావురాల గుర్రు వినీవినీ అలవాటైపోయింది మాకు. అది ఎప్పుడు ఆగిందో గమనించలేదు గానీ, ఆలోచిస్తే ఇంచుమించు పాపకి పొక్కులు మొదలైన రోజుల్లోనే.

అప్పటికే సగం తెలిసిపోయినా, పేరు ఖాయం చేసుకోవాలనిపించింది. ఇలాంటి పురుగుల్ని బాగా ఎరిగినవాళ్లు పశువైద్యులు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల్లో పారాసైటాలజీ (పరాన్నజీవుల శాస్త్రం) విభాగాలున్నాయి, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కీటకశాస్త్ర విభాగాలున్నాయి. నాతో పనిచేసే ఆవిడ ద్వారా పారాసైటాలజీ పాఠం చెప్పే ఒక మేడం పరిచయమయ్యారు. సీసాలో స్పిరిట్‌లో ఉన్నవే తెమ్మన్నారు, టేపు మీద నలిగినవి పనికిరావన్నారు. సీసా లోపల చిన్న చీటీ మీద తేదీ, దొరికిన చోటు పెన్సిల్‌తో రాసి వేయమన్నారు. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది, పెన్సిల్ రాత పోదు.

ఆవిడ వాటిని ఒక ద్రావణంలో ఉంచి ఒళ్లు పారదర్శకంగా అయ్యాక స్లైడు చేసి చూశారు. కోళ్లకి పట్టే ఎర్ర మైటు డెర్మానిసస్ గాలినే అయితే నోటి దగ్గర సూదుల్లా సాగిన పొడవాటి కొరుకుళ్లు ఉంటాయట, ఇందులో అవి లేవు. తర్వాత ఛాతీ పలక మీద వెంట్రుకలు లెక్కపెట్టారు. నాలుగుంటే ఒక జాతి, ఆరుంటే ఇంకో జాతి. మాది ఆరు. ఆర్నితోనిసస్ బర్సా, ఉష్ణదేశాల్లో కోళ్లకీ పావురాలకీ పిచ్చుకలకీ పట్టే మైటు. మిరప తోటల్లో తెల్లనల్లి, ఎర్రనల్లి అంటారే, వాటికి దూరపు చుట్టం. నన్ను కూడా కళ్లు పెట్టి చూడమన్నారు. ఇన్ని వారాలు మమ్మల్ని ఏడిపించినదాన్ని అంత దగ్గరగా, అంత స్పష్టంగా చూడటం ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను.

కథంతా అప్పుడు ఒక్క తాటి మీదకి వచ్చింది. పావురం రెండు గుడ్లు పెడుతుంది, దాదాపు పద్దెనిమిది రోజులకి పిల్లలవుతాయి, ఇంకో నెలకి ఎగిరిపోతాయి. ఈ మైటు గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం చాలు. ఈకలు రాని పిల్లల రక్తం తాగుతూ గూట్లో వేలల్లో పెరుగుతుంది. పిల్లలు ఎగిరిపోయిన రోజున ఆ వేలకి వేలు ఆకలితో మిగిలిపోతాయి. వేడి ఎటుంటే అటు బయలుదేరతాయి, గొట్టం సందులోంచి గదిలోకి వస్తాయి. మనిషిని కుడతాయి గానీ మనిషి రక్తంతో సంతానం పెంచుకోలేవు. మన తలలో, చర్మంలో కాపురం పెట్టవు. పక్షి దొరక్కపోతే సుమారు మూడు వారాల్లో చచ్చిపోతాయి. కానీ అదే గూట్లో మళ్లీ పావురం గుడ్లు పెడితే మళ్లీ మొదలు. మంచానికి ఎన్నిసార్లు మందు కొట్టినా తగ్గకపోవడానికి కారణం ఇదీ.

తీయడం కూడా వరసగా చేయాలని మేడం గట్టిగా చెప్పారు. గూడుని ముందే కదిపితే మైట్లన్నీ చెదిరి లోపలికే వస్తాయి. అందుకని మొదట గదిలోపల గొట్టం చుట్టూ వెడల్పు టేపుతో సందు మూసేశాం. సజ్జ మీదకి మేం దిగలేదు, నాలుగో అంతస్తు అది. బర్డ్ నెట్ కట్టేవాళ్లు తాళ్లు, బెల్టు వేసుకుని దిగారు. వాళ్లకి మాస్కులు, చేతి తొడుగులు ఇచ్చాం. ఎండిన రెట్టని పొడిగా ఊడ్చకూడదు. ఆ ధూళిలో ఊపిరితిత్తులకీ మెదడుకీ హాని చేసే క్రిప్టోకాకస్ వంటి బూజు జాతులు ఉండొచ్చు. పావురాల రెట్ట, ఈకల ధూళి ఏళ్ల తరబడి పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు గట్టిపడటం కూడా ఉంది. ముందు మందు కలిపిన నీళ్లు చల్లి గూడంతా తడిపారు, కాసేపాగి మొత్తం ఎత్తి రెండు కవర్లలో వేసి ముడి బిగించారు. సజ్జ కడిగారు. కన్నాన్ని బయటివైపు నుంచి తెల్ల సిమెంటుతో పూడ్చారు. యూనిట్ చుట్టూ, సజ్జ మొత్తానికీ నెట్ బిగించారు. కొండ చరియల మీద గూడు పెట్టుకునే పక్షికి మన అపార్ట్‌మెంట్ సజ్జలు చక్కగా సరిపోతాయి, నెట్ లేకపోతే వారం తిరక్కుండా మళ్లీ పుల్లలు తెస్తుంది.

లోపల కిటికీ ఫ్రేమూ గొట్టం చుట్టూ గోడా మాత్రమే పెస్ట్ కంట్రోల్ వాళ్లతో మందు కొట్టించాం, ఈసారి వేరేవాళ్లు. చోటు మేమే చూపించాం. వాళ్లు కూడా ఫొటోలు చూసి, స్లైడు సంగతి విని, మంచం జోలికి వెళ్లలేదు. దుప్పట్లు, కర్టెన్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేశాం. వాక్యూమ్ చేసిన సంచి ఎప్పటికప్పుడు మూతి కట్టి బయట పారేశాం. టేపులు మాత్రం తీయలేదు, మార్చుతూ వచ్చాం. చుక్కలు తగ్గుతూ వచ్చాయి. మేడం చెప్పిన మూడు వారాల లెక్క దాటకముందే గొట్టం దగ్గరి టేపు ఖాళీగా ఉంది. పాప మెడ మీద మచ్చలు మానడానికి ఇంకొంత కాలం పట్టింది.

ఫోన్లో అమ్మకి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "కోడిపేలే కదే! పిల్లలు లేచాక గంప ముట్టుకుంటే చెయ్యంతా పాకేవి. పొదిగే గంపలో మీ అమ్మమ్మ బూడిద పోసేది, పిల్లలు దిగిన రోజే ఆ గడ్డి కాల్చేసేది" అంది. గంపా కోడీ లేని నాలుగో అంతస్తులో ఆ సంగతి ఎవరికి గుర్తుకొస్తుంది? కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్లకి మాత్రం ఇప్పటికీ ఈ దురద నిత్యం తెలిసిందే.

మా మాట విని పై అంతస్తు ఆవిడ తన కొడుకు చేతులు చూపించడానికి దిగి వచ్చారు. అవే పొక్కులు, అదే దురద. వాళ్ల సజ్జ మీదా పావురాలున్నాయి. "మాకూ ఆ నెట్ వాళ్లని పంపండి" అన్నారు. నేను ముందు టేపులూ, స్పిరిట్ సీసా ఇచ్చి పంపాను. వాళ్లకి దొరికినదాన్ని ఫోల్డ్‌స్కోప్‌లో పెడితే ఆరు కాళ్లు, మీసాలు, పలచటి ఒళ్లు, పొట్టలో ఎర్రగా రక్తం. నల్లి పిల్ల అది, మిల్లీమీటరున్నర ఉంటుంది. మంచం తలవైపు చెక్క విప్పితే వెనక గుడ్లతో సహా బయటపడ్డాయి. ఆ నెలలో వాళ్లు ఊరి నుంచి తెప్పించుకున్న పాత మంచం అది. వాళ్లకి కావలసింది నెట్ కాదు, మాకు రెండు విడతలు వృథాగా కొట్టిన ఆ మందే.